ఇచ్చిన నేల, ఇవ్వని పౌరసత్వం: భిలాయి నుంచి మైన్‌పాట్ దాకా

టిబెటన్ గ్రామాలనూ బౌద్ధారామాలనూ చూడాలనుకునే భిలాయి వాసి హిమాలయాల దాకా వెళ్ళనక్కర్లేదు. దుర్గ్‌లో రాత్రి అంబికాపూర్ రైలెక్కితే మర్నాటికి సర్గుజా జిల్లాలో దిగుతాడు. అక్కడినుంచి ఘాట్ రోడ్డు మీదుగా మైన్‌పాట్ పీఠభూమికి చేరవచ్చు. అది సముద్రమట్టానికి వెయ్యి మీటర్ల పైమాట. సాల వృక్షాల అడవి దాటగానే గాలికి రెపరెపలాడే ప్రార్థనా పతాకాలు, పసుపు-ఎరుపు రంగుల ఆరామం, ‘క్యాంపు’లనే పిలుపుతో స్థిరపడిపోయిన ఏడు టిబెటన్ పల్లెలు కనిపిస్తాయి. పర్యాటకుల భాషలో ఇది ‘మినీ టిబెట్’.

ఈ మార్చిలో వారం రోజులపాటు ఆ దారిన తిరిగాను. భిలాయిలో మొదలుపెట్టి, సిర్పూర్ శిథిలాలు చూసుకుని, మైన్‌పాట్‌లో ముగించాను. ఒకదానితో ఒకటి సంబంధం లేనట్లు కనిపించే ఈ మూడు చోట్ల చరిత్ర 1953-63 దశాబ్దంలో ఒకచోట కలుస్తుంది. బుద్ధుడి పేరును రాజ్య చిహ్నంగా, విదేశాంగ సూత్రంగా వాడుకున్న గణతంత్రం, బుద్ధుడిని కొలిచే మనుషులు తలుపు తట్టినప్పుడు ఏం చేసిందన్న ప్రశ్న నన్ను వారమంతా వదలలేదు.

ముందు భిలాయి సంగతి. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ప్రకారం, ఏటా పది లక్షల టన్నుల సామర్థ్యంతో ఇక్కడ ఉక్కు కర్మాగారం తలపెట్టారు. రష్యన్ ఇంజినీర్ల వెంట దేశం నలుమూలల నుంచీ కార్మికులు వచ్చారు. విజయనగరం, రాయగడ, టిట్లాగఢ్‌ల మీదుగా రాయపూర్ చేరే రైలు మార్గం ఉత్తరాంధ్ర పల్లెల నుంచి వేలాది తెలుగువారిని ఇక్కడికి మోసుకొచ్చింది. వారి పిల్లలు, మనవలు ఇవాళ తెలుగు, హిందీ, ఛత్తీస్‌గఢీ కలిపి మాట్లాడతారు. బాలాజీ మందిరంలో ఉగాది చేసుకుంటారు. ఇక్కడే ఓటు వేస్తారు. ఒక తరంలోనే వారు ఈ ఊరివారైపోయారు. వారిని ‘పరాయివారు’ అన్న నోళ్ళు ఉండవచ్చుగానీ, అలా అన్న కాగితం ఏదీ లేదు.

1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ భిలాయి మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. సరిగ్గా ముప్ఫై నాలుగు రోజుల తర్వాత, మార్చి 10న, లాసాలో తిరుగుబాటు మొదలైంది. మార్చి 17 రాత్రి దలైలామా నార్బులింకా ప్రాసాదాన్ని విడిచారు. 31న భారత సరిహద్దు దాటారు. ఆయన వెనుక వేలాదిమంది వచ్చారు. ఒకే వసంతంలో మన రాజ్యానికి ఒక కొలిమీ దక్కింది, ఒక కాందిశీక జాతీ దక్కింది. మొదటిదాన్ని ఏం చేయాలో ప్రణాళికా సంఘానికి తెలుసు. రెండోదాన్ని ఏం చేయాలన్న విషయంలో ఇప్పటికీ స్పష్టత లేదు.

భిలాయికి తూర్పున, రాయపూర్ దాటాక, మహానది ఒడ్డున సిర్పూర్ ఉంది. ఒకప్పుడు శ్రీపురం, దక్షిణ కోసల రాజధాని. ఏడో శతాబ్దంలో హుయాన్‌త్సాంగ్ కళింగం నుంచి కోసలకు వచ్చి, ఇక్కడ దాదాపు వంద సంఘారామాలున్నాయని రాశాడు. నాగార్జునుడు ఈ దేశంలో నివసించాడనీ, సాతవాహన రాజు ఆయనను ఆదరించాడనీ కూడా రాశాడు. కోసల నుంచి అడవుల గుండా దక్షిణానికి నడిచి ఆంధ్రదేశం, ఆపైన ధాన్యకటకం చేరాడు. భిలాయి తెలుగువారు రైల్లో పైకి వచ్చిన అడవుల్లో ఆ చైనా యాత్రికుడు పదమూడు శతాబ్దాల ముందే కిందికి నడిచాడన్నమాట.

సిర్పూర్‌లో మోరేశ్వర్ దీక్షిత్ తవ్వకాలు 1953-56 మధ్య జరిగాయి. మహాశివగుప్త బాలార్జునుడి కాలంలో ఆనందప్రభుడనే భిక్షువు కట్టించిన విహారం వాటిలోనే బయటపడింది. గర్భగృహంలో భూస్పర్శ ముద్రలోని బుద్ధుడి విగ్రహం నేటికీ అక్కడే ఉంది. అదే సమయంలో, 1954 నుంచి, కృష్ణ ఒడ్డున నాగార్జునకొండలోనూ తవ్వకాలు సాగాయి. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆనకట్ట నీరు ఆ లోయను ముంచేలోగా శిథిలాలను కాపాడాలన్న తొందర అది. 1956లో 2500వ బుద్ధ జయంతిని ప్రభుత్వమే ఘనంగా జరిపింది. అదే ఏడాది అక్టోబరు 14న నాగపూర్‌లో అంబేడ్కర్ లక్షలాది దళితులతో బౌద్ధం స్వీకరించారు. భిలాయిని తనలో కలుపుకున్న ఆనాటి మధ్యప్రదేశ్‌కు నాగపూరే రాజధాని. ఆ చారిత్రక ఘటనను మాత్రం ప్రభుత్వం తన పండుగగా భావించలేదు. మట్టిలోని బౌద్ధం పట్ల ఉన్న ఆపేక్ష మనుషుల్లోని బౌద్ధం పట్ల లేకపోవడం అప్పటికే మొదలైందని నా అనుమానం.

విదేశాంగ విధానానికి పెట్టుకున్న పేరు కూడా బౌద్ధానిదే. 1954 ఏప్రిల్ 29న పెకింగ్‌లో కుదిరిన పంచశీల ఒప్పందాన్ని మనం శాంతి పత్రంగా గుర్తుంచుకున్నాం. దాని అసలు పేరులో ‘చైనాకు చెందిన టిబెట్ ప్రాంతం’ అన్న మాట ఉంది. టిబెట్ భవితవ్యంపై సంతకం చేసిన ఆ కాగితంలో టిబెటన్ల సంతకం లేదు. ఎనిమిదేళ్ళ గడువు తీరి 1962 జూన్‌లో ఒప్పందం ముగిసింది. అక్టోబరులో యుద్ధం వచ్చింది. మైన్‌పాట్ మీద టిబెటన్ కుటుంబాలు స్థిరపడింది సరిగ్గా ఆ రోజుల్లోనే, 1962-63లో.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఆశ్రయం ఇవ్వడంలో నెహ్రూ పిసినారితనం చూపలేదు. చైనా కోపాన్ని లెక్కచేయకుండా ఆయన రాష్ట్రాలను భూమి అడిగారు. మైసూరు రాష్ట్రం బైలకుప్పెలో ఇచ్చింది. ఒడిశా మన సరిహద్దుకు చేరువలోని చంద్రగిరిలో ఇచ్చింది. మధ్యప్రదేశ్ మైన్‌పాట్‌ను ఇచ్చింది. అయితే ఆ కొండ ఖాళీగా లేదు. మాఝీ, పహాడీ కోర్వా వంటి ఆదివాసులు అక్కడ ఉన్నారు, ఉంటున్నారు. వారి కాళ్ళ కింద బాక్సైట్ ఉంది. అది లారీలకెక్కి కోర్బాలోని బాల్కో అల్యూమినియం కర్మాగారానికి తరలింది. 2001లో బాల్కో 51 శాతం వాటాను కేంద్రం ప్రైవేటుకు అమ్మినప్పుడు కార్మికులు 67 రోజులు సమ్మె చేశారు. ఖనిజం ఉన్న కొండవాసులను ఎవరైనా సంప్రదించినట్లు నాకు గుర్తులేదు. కొండపై ఓటున్నవారి మాటకూ ఓటు లేనివారి మాటకూ విలువలో పెద్ద తేడా లేదనిపించింది.

ఇక ఆ ఓటు సంగతి. 1955 పౌరసత్వ చట్టం ప్రకారం 1950 జనవరి 26 నుంచి 1987 జులై 1 లోపు ఈ దేశంలో పుట్టినవారు, తల్లిదండ్రులు ఎవరైనా సరే, పుట్టుకతోనే పౌరులు. ఇంత స్పష్టంగా ఉన్నదాన్ని టిబెటన్లు కోర్టుల్లో గెలుచుకోవలసి వచ్చింది. 2010లో ఢిల్లీ హైకోర్టు, 2013లో కర్ణాటక హైకోర్టు వారి పక్షాన తీర్పులిచ్చాయి. అలా పుట్టినవారిని ఓటర్లుగా నమోదు చేయాలని 2014లో ఎన్నికల సంఘం ఆదేశించింది. అదే ఏడాది కేంద్రం తెచ్చిన పునరావాస విధానం వారి భూములకు లీజు పత్రాలు ఇవ్వాలంది. 1987 తర్వాత పుట్టినవారికి ఆ దారి మూసుకుపోయింది. 2019 పౌరసత్వ సవరణ చట్టం మతపీడితులకు అభయమిస్తానని చెప్పుకుంది. పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్ఘానిస్తాన్‌ల నుంచి వచ్చిన బౌద్ధులను కూడా లెక్కలోకి తీసుకుంది. టిబెట్ నుంచి వచ్చిన బౌద్ధులను మాత్రం తీసుకోలేదు.

1962 నవంబరులో ఏర్పడిన స్పెషల్ ఫ్రాంటియర్ ఫోర్స్‌లో టిబెటన్లు మన జెండా కింద ప్రాణాలిస్తూనే ఉన్నారు. 2020లో లద్దాఖ్‌లో మరణించిన అలాంటి ఒక సైనికుడి అంత్యక్రియలకు మన అమలాపురం మనిషి, బీజేపీ నేత రామ్ మాధవ్ హాజరయ్యారు. ఆ సంగతి ట్వీట్ చేశారు, తర్వాత ఆ ట్వీట్‌ను తొలగించారు. ఆరు దశాబ్దాల టిబెట్ విధానానికి ఇంతకంటే క్లుప్తమైన వివరణ ఎవరూ రాయలేరు.

పౌరసత్వం తీసుకుంటే స్వదేశం కోసం పోరాటం నీరుగారుతుందని ప్రవాసుల్లోనే గట్టి వాదన ఉంది. దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ వద్దనుకునే హక్కు ఉండాలంటే, కావాలనుకునే హక్కు ముందు ఉండాలి కదా?

ఆరామంలో ఒక వృద్ధ భిక్షువు నేను తెలుగువాణ్ణని తెలియగానే ‘అమరావతి’ అన్నారు. 2006 జనవరిలో దలైలామా అక్కడ కాలచక్ర దీక్ష ఇచ్చినప్పుడు వచ్చారట. బుద్ధుడు కాలచక్రాన్ని ధాన్యకటకంలో బోధించాడని టిబెటన్ల విశ్వాసం. లాసా దగ్గర 1416లో వెలసిన డ్రెపుంగ్ మహావిహారం పేరు కూడా మన ధాన్యకటకానికి టిబెటన్ అనువాదమే. ‘మీ ఊరు మాకు కొత్త కాదు’ అన్నారాయన హిందీలో.

బయట అంగడి ముందు ముప్ఫై దాటిన యువకుడొకడు ‘సార్, మీది వైజాగా?’ అని తెలుగులో పలకరించాడు. చలికాలమంతా అక్కడ స్వెటర్లు అమ్ముతాడట. ‘అందరూ మమ్మల్ని నేపాలీలంటారు సార్’ అని నవ్వాడు. వాళ్ళ తాత పండించిన టావు గింజల గురించి చెప్పాడు. ఉత్తరాదివారు ఉపవాసాలకు వాడే కుట్టు పిండి దాంతోనే చేస్తారు. ఆ పంటను ఈ కొండకు తెచ్చింది టిబెటన్లేనని అక్కడివారంటారు. రైలు టికెట్టు, హోటల్ గది, దుకాణం అద్దె, దేనికైనా చూపించవలసిన రిజిస్ట్రేషన్ పుస్తకాన్ని జేబులోంచి తీసి నా చేతికిచ్చాడు. అది విదేశీయులకిచ్చే పత్రం. గడువు తీరకముందే పోలీసుల దగ్గర పునరుద్ధరించుకోవాలి. పుట్టిన స్థలం దగ్గర మైన్‌పాట్ అని ఉంది. జాతీయత దగ్గర టిబెటన్ అని ఉంది.