పెద్దాపరేషన్ తర్వాతి ఆరు వారాలు

1960ల మధ్యలో హైదరాబాద్ పక్కన రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ ఫ్యాక్టరీ షెడ్లు లేచేనాటికి ఆ చుట్టుపక్కల ఊళ్లలో కాన్పులు చాలావరకు ఇంట్లోనే అయ్యేవి. 1972లో పటాన్‌చెరు పక్కన ఇక్రిశాట్ వ్యవసాయ పరిశోధన సంస్థ వచ్చింది. అదే దశాబ్దంలో పారిశ్రామికవాడ మొదలై పాశమైలారం, బొల్లారం, గడ్డపోతారం దాకా పాకింది. జొన్న చేలు పోయి మందుల కంపెనీలు వచ్చాయి. ఈ నేల మీద ఏం మారిందని అడిగితే అందరూ ముందు కలుషితమైన నక్కవాగు నీళ్ల గురించే చెబుతారు. చెప్పాల్సిందే. కానీ అంత పెద్ద మార్పే ఆడవాళ్ల ఒంటి మీదా జరిగింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లే, అంటే పెద్దాపరేషన్లే. ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 81.5. దేశం మొత్తం మీద అన్ని ఆసుపత్రులూ కలిపి చూస్తే నూటికి 21.5.

అమ్మమ్మ ఇంట్లో కన్నది, అమ్మ సర్కారు దవాఖానలో కన్నది, మనవరాలికి పెద్దాపరేషన్ అయింది. సంగారెడ్డి జిల్లాలో ఈ వరుస కనిపించే ఇళ్లు ఎన్నో. బిడ్డను బయటికి తీసే పద్ధతి ఇంతగా మారినప్పుడు, ఆ తర్వాత తల్లి పొట్టను, నడుమును చూసుకునే పద్ధతి కూడా మారాలి కదా. ఆ రెండో సగం చరిత్ర ఎవరూ పెద్దగా పట్టించుకోనిది.

మంత్రసాని పని బొడ్డు కోయడంతో అయిపోయేది కాదు. ఎక్కువగా సేవా వృత్తుల కులాల నుంచి వచ్చిన ఈ ఆడవాళ్లు పురుడు వెళ్లేదాకా, కొన్నిచోట్ల ఇరవై ఒకటో దినం దాకా ఆ ఇంటికి వస్తూనే ఉండేవారు. నువ్వుల నూనె పట్టించి నడుము, పిక్కలు, భుజాలు మర్దన చేసేవారు. కాగులో వావిలాకు వేసి మరిగించిన నీళ్లను చెంబుతో నడుము మీద దెబ్బ తగిలేలా పోసేవారు. ఒళ్లు తుడిచి, సాంబ్రాణి పొగ పట్టి, చెవుల్లో దూది పెట్టి, ఆ తర్వాత నడికట్టు కట్టేవారు. అందుకు కొత్త గుడ్డ పనికిరాదు. ఉతికి ఉతికి మెత్తబడిన నూలు చీరను పొడుగ్గా మడిచి, బాలింతను వెల్లకిలా పడుకోబెట్టి, తుంటి దగ్గర మొదలుపెట్టి పక్కటెముకల కిందిదాకా చుట్టు మీద చుట్టుగా బిగించేవారు. పొట్ట జారిపోకుండా, నడుము నిలబడేలా అన్నది వాళ్ల మాట. పథ్యం కింద వెల్లుల్లి కారం, సొంఠి, మెత్తటి అన్నం. నీళ్లు మాత్రం కొలిచి ఇచ్చేవారు. ఇరవై ఒకటో దినం బావి దగ్గర పూజ చేసి, బాలింత చేత నీళ్లు చేదించి, మళ్లీ పనిలోకి పంపేవారు.

ఇందులో అన్నీ మంచివి కావు. పాలిచ్చే తల్లికి నీళ్లు తగ్గించడం పచ్చి అన్యాయం. ఇరవై ఒక్క రోజులకే బావి గిలకకు అప్పగించడం కూడా తొందరే. పైగా రక్తస్రావమైతే, బిడ్డ అడ్డం తిరిగితే మంత్రసాని చేతిలో ఏమీ ఉండేది కాదు. ఎంతమంది తల్లులు ఆ చీకటి గదుల్లో పోయారో ఎవరూ రాసిపెట్టలేదు. అయినా ఆ పద్ధతిలో ఒక సంగతి ఉంది. కాన్పు తర్వాత తల్లి ఒంటిని రోజూ ఒకరు చేత్తో తాకి చూసేవారు.

కోత కథ వేరే దారిలో వచ్చింది. సంగారెడ్డి ఉన్న అప్పటి మెదక్ జిల్లా నిజాం రాజ్యంలో భాగం. హైదరాబాద్ వైద్య పాఠశాలలో 1885లో చేరిన రూపాబాయి ఫర్దూన్జీ క్లోరోఫాం ఇవ్వడంలో ఆరితేరింది. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యురాలిగా ఆమెను చెబుతారు. అదే ఊళ్లో ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో 1888, 1889ల్లో క్లోరోఫాం కమిషన్లు కూర్చున్నాయి. మత్తు ఇంత ముందుకొచ్చినా, సిజేరియన్ అంటే అప్పటికి దాదాపు ఎక్కడైనా చావుతో పందెమే. 1882లో జర్మన్ వైద్యుడు మాక్స్ సాంగర్ గర్భసంచిని శ్రద్ధగా కుట్టి మూసే పద్ధతి చెప్పాక ఎక్కువమంది తల్లులు బతకడం మెల్లగా మొదలైంది. 1900లో ఫానెన్‌స్టీల్ పొత్తికడుపు కింద అడ్డంగా కోసే కోతను వివరించాడు. 1920ల్లో గ్లాస్గోకు చెందిన మన్రో కెర్ గర్భసంచి కింది భాగంలో అడ్డకోత పెట్టడాన్ని స్థిరపరిచాడు. సంగారెడ్డిలో ఈ రోజు జరిగే ఆపరేషన్ ఈ ముగ్గురి చేతుల మీదుగా వచ్చిందే.

ఆ ఆపరేషన్‌లో కండరాన్ని కోసేస్తారని చాలామంది అనుకుంటారు. మామూలుగా కోయరు. చర్మం, కొవ్వు, దాని కింద గట్టి పొర కోసి, నిలువుగా ఉండే రెండు పొట్ట కండరాలను మధ్యలో చెరోవైపు జరుపుతారు. కానీ తొమ్మిది నెలలు సాగిన ఆ కండరాలు, కోసి కుట్టిన పొరల కింద, కొన్నాళ్లపాటు తమ పని మరిచిపోతాయి. బరువంతా నడుము మీద పడుతుంది. "వెన్నుల సూది ఇచ్చిన్రు, అప్పట్నుంచి నడుం పోయింది" అన్నది ఈ ప్రాంతంలో తరచూ వినబడే మాట. ఏళ్ల తరబడి ఉండే నొప్పికి ఆ మత్తు సూదే కారణమని అధ్యయనాల్లో తేలలేదు. బలం తగ్గిన పొట్ట, వంగి పాలివ్వడం, బిడ్డను ఒకే చంకన మోయడం, నీళ్ల బిందె ఎత్తడం, వీటిలో నేరం ఎక్కువగా ఉంటుంది.

మార్పు వేగం అందుకున్నది 2005 తర్వాత. ఆ ఏడాదే ఆసుపత్రి కాన్పులను ప్రోత్సహించే జననీ సురక్ష యోజన వచ్చింది, ఆగస్టు 15న ఉమ్మడి రాష్ట్రంలో 108 అంబులెన్సులు రోడ్డెక్కాయి. 2017లో సర్కారు దవాఖానలో కన్నవాళ్లకు కేసీఆర్ కిట్ వచ్చింది. ఆడబిడ్డ పుడితే 13,000, మగబిడ్డ అయితే 12,000 రూపాయలు, దాంతోపాటు బిడ్డ సామాన్ల పెట్టె అని అప్పట్లో ప్రకటించారు. 2019-21 నాటికి రాష్ట్రంలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే. రామచంద్రాపురంలో ఈఎస్ఐ ఆసుపత్రి, టౌన్‌షిప్‌లో బీహెచ్ఈఎల్ వాళ్ల ఆసుపత్రి, సంగారెడ్డిలో జిల్లా ఆసుపత్రి, 2022 నవంబరులో ప్రభుత్వ మెడికల్ కాలేజీ, ముంబై హైవే పొడుగునా ప్రైవేటు నర్సింగ్‌హోంలు. తల్లుల ప్రాణాలు నిలిచాయి. దీన్ని ఎవరూ చిన్నది చేసి మాట్లాడకూడదు. ముహూర్తం చూసుకుని కోయించుకోవడమూ ఈ కాలంలోనే పెరిగింది. కోత అవసరం లేని చోట కోత తగ్గించాలని 2017లో ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యునిసెఫ్‌లతో కలిసి కరీంనగర్‌లో నర్సులకు మిడ్‌వైఫ్ శిక్షణ మొదలుపెట్టింది ప్రభుత్వమే.

ఇంత జరిగినా, కుట్లు తీసిన రోజు నుంచి తల్లి పొట్ట ఎవరి బాధ్యతా కాకుండా పోయింది. మంత్రసాని రాదు. వచ్చినా కుట్ల మీద వేడినీళ్లు పోయడానికి ఇంట్లోవాళ్లకే భయం. అత్తగారు నడికట్టు కడదామంటే డాక్టరమ్మ వద్దందని కోడలంటుంది. నిజానికి సిజేరియన్ తర్వాత మెత్తటి బెల్టు కడితే నొప్పి కొంత తగ్గుతుందని కొన్ని అధ్యయనాలు చెబుతున్నాయి, గాయం మీద ఒరుసుకోకుండా ఉంటే చాలు. అయితే ఏ కట్టూ కండరం పని చేసిపెట్టదు.

ఆ పని నేర్పే విద్య వందేళ్ల కిందటే పుట్టింది. లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో 1912 ప్రాంతంలో ఫెయిర్‌బేర్న్ అనే ప్రసూతి వైద్యుడు, వారాల తరబడి మంచం మీదే ఉంచే కలవారి ఆడవాళ్లకంటే తొందరగా లేచి పనిలో పడ్డ పేద తల్లులే బాగా కోలుకోవడం గమనించాడు. నర్సు, మర్దన విద్యలో దిట్ట అయిన మిన్నీ రాండెల్‌ను పిలిచి, మంచం మీదే చేయగలిగే వ్యాయామాలు కూర్చమన్నాడు. 1948లో అమెరికన్ వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ కటి కింది కండరాలను బిగించి వదిలే కసరత్తు ప్రచురించాడు. దగ్గితే, తుమ్మితే మూత్రం చుక్కలు పడే ఆడవాళ్లకు అది పెద్ద దారి చూపింది.

ఇప్పుడు హైదరాబాద్‌లో కొండాపూర్, గచ్చిబౌలి వైపు కొత్త తల్లులు డబ్బు కట్టి నేర్చుకునే పైలేట్స్ అనే వ్యాయామ పద్ధతి మరో మూల నుంచి వచ్చింది. జోసెఫ్ పైలేట్స్ 1883లో జర్మనీలోని మోన్షెన్‌గ్లాడ్‌బాఖ్‌లో పుట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండ్‌లో ఉండటంతో శత్రుదేశస్థుడిగా పట్టుకుని ఐల్ ఆఫ్ మాన్ దీవిలో నాకలో అనే శిబిరంలో పెట్టారు. మంచం పట్టిన ఖైదీల మంచాలకు స్ప్రింగులు కట్టి, పడుకునే చేతులూ కాళ్లూ ఆడించేలా చేశాడని చెబుతారు. 1926లో న్యూయార్క్ చేరాడు. తన పద్ధతికి కంట్రాలజీ అని పేరు పెట్టుకున్నాడు. డాన్సర్లు దెబ్బలు తగిలితే ఆయన దగ్గరికే పరుగెత్తేవారు. బాలింతల కోసం ఆయన ఇది తయారు చేయలేదు. 1967లో ఆయన పోయిన చాన్నాళ్లకు, 1996లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో హాడ్జెస్, రిచర్డ్‌సన్ ఒక సంగతి బయటపెట్టారు. చెయ్యి కదిలే ముందే పొట్ట లోపలి అడ్డ కండరం బిగుస్తుందనీ, నడుం నొప్పి ఉన్నవాళ్లలో అది ఆలస్యమవుతుందనీ. ఊపిరితో ఆ కండరాన్ని మేల్కొల్పడమే పైలేట్స్ పాఠం కాబట్టి ఫిజియోథెరపిస్టులు దాన్ని అందిపుచ్చుకున్నారు, తేలిక చేసి బాలింతలకు నేర్పారు.

తేలిక చేయడమే ఇందులో కీలకం. తల, కాళ్లు ఎత్తి చేతులు ఆడిస్తూ వంద లెక్కించే ప్రసిద్ధ కసరత్తు తొలి వారాల్లో పనికిరాదు, పొట్ట మధ్యలో ఉబ్బి కుట్ల మీద ఒత్తిడి పడుతుంది. మొదటి రోజు చేయాల్సింది గట్టిగా ఊపిరి తీయడం, పాదాలు ఆడించడం, దగ్గేటప్పుడు దిండు పొట్టకు అదుముకోవడం. మంచం మీంచి లేవాలంటే వెల్లకిలా నుంచి నేరుగా లేవకూడదు. మోకాళ్లు ముడిచి పక్కకు ఒత్తిగిలి, కాళ్లు మంచం కిందికి జార్చి, మోచేతి మీద లేవాలి. డాక్టరు సరే అన్నాక, నొప్పి తగ్గేకొద్దీ, మోకాళ్లు ముడిచి పడుకుని ఊపిరి వదులుతూ కింది పొట్టను మెల్లగా లోపలికి లాక్కోవాలి. ఆ లాగుడు వదలకుండా ఒక మడమను చాప మీద జార్చి చాపి, తిరిగి తేవాలి. చూసేవాళ్లకు ఏమీ చేయనట్టే ఉంటుంది. లోపల మాత్రం పని జరుగుతుంది. దీనికి యంత్రం అక్కర్లేదు, స్టూడియో అక్కర్లేదు, పటాన్‌చెరు పక్క ఇస్నాపూర్‌లో ఒంటిగది అద్దె ఇల్లు చాలు.

కావాల్సింది తీరిక. 1961 ప్రసూతి చట్టం 12 వారాల సెలవు ఇచ్చి, కాన్పు తర్వాత ఆరు వారాలు తల్లి చేత పని చేయించకూడదంది. 2017లో మొదటి ఇద్దరు పిల్లలకు అది 26 వారాలైంది, ఈఎస్ఐలోనూ అంతే. కానీ ఈఎస్ఐ బయట ఆ సెలవు దక్కాలంటే ముందు ఏడాదిలో 80 రోజులు పనిచేసినట్టు కాగితం ఉండాలి. కాంట్రాక్టరు మారినప్పుడల్లా పేరు మారే ప్యాకింగ్ సెక్షన్ ఆడమనిషికి, ఒడిశా నుంచో బిహార్ నుంచో వచ్చి ఇక్కడే కన్న తల్లికి, ఆ కాగితం దొరకడమే కష్టం. అందుకే నెల తిరిగేసరికి బిందెలు, రెండు నెలలకు బస్తాలు.

అలాంటి తల్లి కూడా ఒక రోజు తప్పకుండా వస్తుంది. బిడ్డకు ఆరు వారాలు నిండగానే పెంటావాలెంట్ టీకా కోసం బుధవారమో శనివారమో ఆరోగ్య కేంద్రానికి ఎత్తుకొస్తుంది. గర్భసంచి మామూలు సైజుకు చేరేది సుమారు అప్పటికే. బిడ్డకు సూది వేసే ఏఎన్ఎం తల్లిని పక్క బల్ల మీద మోకాళ్లు ముడిచి పడుకోబెట్టి, తల కొంచెం ఎత్తమని, బొడ్డు దగ్గర వేళ్లు అడ్డంగా పెట్టి చూడొచ్చు. రెండు వేళ్లకు మించి సందు తగిలినా, మధ్యలో పొట్ట గట్టులా లేచినా ఫిజియోథెరపిస్టు దగ్గరికి చీటీ రాయొచ్చు. దగ్గితే చుక్కలు పడుతున్నాయా అని కూడా అప్పుడే అడగొచ్చు. రెండు మూడు నిమిషాల పని. బిడ్డ టీకా కార్డులో ఆ తేదీ పక్కన తల్లి పొట్ట కోసం ఒక గడి కలిపితే, పటాన్‌చెరు నుంచి జహీరాబాద్ దాకా ఏ బాలింతా ఆ పరీక్ష లేకుండా ఇంటికి వెళ్లాల్సిన పని ఉండదు.