తాటాకుల కట్ట - టేపుచుట్ట

శంషాబాదు విమానాశ్రయము 2008లో ప్రారంభమైనది. అంతకు పూర్వము ఆ ప్రాంతమున చెరువులెట్లుండెనో, పొలములెంతవరకు సాగెనో పెద్దలకు జ్ఞాపకమే. కాని జ్ఞాపకమునకు సాక్ష్యమేది?

శంషాబాదునకు దక్షిణమున షాద్‌నగరునందు ఉపగ్రహ చిత్రములను గ్రహించు కేంద్రము కలదు. అమెరికావారి లాండ్‌శాట్ ఉపగ్రహములు పంపిన భూచిత్రములను 1979 మొదలుకొని అచ్చట గ్రహించిరి. 1988 మార్చి 17న ప్రయోగింపబడిన మన ఐ.ఆర్.ఎస్.-1ఏ చిత్రములును అచ్చటికే చేరెను. ఆ దినములలో వానిని అయస్కాంతపు టేపులపై నిలువచేసిరి. 1979 నాటి చెరువును నేడు మరల చిత్రింపజాలము. ప్రతి లేని టేపు చెడినచో ఆ యేటి భూమి మనకు కనుమరుగైనట్లే.

ఆ 1979వ సంవత్సరముననే అమెరికాయందలి బెల్ ప్రయోగశాలవారు యూనిక్స్ అను కంప్యూటరు వ్యవస్థ యొక్క ఏడవ కూర్పులో "టార్" అను ఆదేశమును వెలువరించిరి. "టేప్ ఆర్కైవ్" అను మాటల సంక్షేపమే ఆ పేరు. మనవారు రంధ్రమున త్రాడు గ్రుచ్చి తాటాకులను కట్టినట్లు, ఇది పెక్కు ఫైళ్లను ఒక వరుసగా టేపుపై కూర్చును. ప్రతి ఫైలునకు ముందు దాని పేరు, పరిమాణము, తేదీ వ్రాయును. ఆదేశమునకు "సీ" అక్షరము చేర్చిన కట్ట కట్టును. "టీ" చేర్చిన లోపలి పేర్లు చదువును. "ఎక్స్" చేర్చిన కట్ట విప్పును.

అయితే పేర్లు కనబడినంతనే పని ముగిసినదని తలపరాదు. మా గురువుగారు గ్రంథమునకు ప్రతి వ్రాయించిన పిమ్మట, ఒకరు మూలము చదువగా వేరొకరు ప్రతిని సరిచూచునట్లు చేసెడివారు. ఒకమారు నేను అలసటచే ఆ పని మానితిని. ప్రతిలో ఒక ఆకు తప్పినది. మూలము చెదలపాలైన తరువాతగాని ఆ లోపము తెలియలేదు. ఆ ఆకు నేటికిని దొరకలేదు. గ్నూ వారి టార్‌నందు "డీ" అను అక్షరము ఈ సరిచూచు పనినే చేయును. మూలముతో పోల్చి భేదములను తెలుపును.

పెద్ద సంస్థలకును ఈ ప్రమాదము తప్పలేదు. 1969లో మానవుడు చంద్రునిపై అడుగిడిన నాటి మూల టేపులకై నాసావారు చాలకాలము వెదకి, వానిని తుడిచి మరల వాడుకొనియుందురని 2009లో తేల్చిరి. ఆనాటి ప్రసారదృశ్యములు ఇతర స్థలములందు ప్రతులుగా నుండుటచేతనే మనకు దక్కినవి.

కావున పెద్దలారా, మీ యింటి పేటికలోని దస్తావేజులకైనను, కంప్యూటరులోని లెక్కలకైనను ధర్మమొక్కటే. ప్రతి వ్రాయింపుడు; వేరొక ఊర దాచుడు; ఏటేట విప్పి చదువుడు. చదివి చూడని ప్రతి ఆపదవేళ అక్కరకు వచ్చునో రాదో ఎవ్వరును చెప్పజాలరు.