గడియారం కింద ఉప్పూ పప్పూ

మొజంజాహీ మార్కెట్‌ను 1935లో కట్టింది పండ్లు అమ్మడానికి. ఇవాళ అక్కడ సీతాఫలం ఐస్‌క్రీమ్ కోసం ఆగేవాళ్లలో చాలామందికి ఈ సంగతి పట్టదు. రెండెకరాలకు లోపు జాగా, గ్రానైటు గోడలు, మూల మీద గడియార స్తంభం, దానికి అటూ ఇటూ రెక్కల్లా సాగిన మడిగెలు, నడుమ బయలు. ఏడో నిజాం రెండో కొడుకు మొజ్జం జా పేరు పెట్టుకున్న ఈ మార్కెట్‌కు చుట్టూ నాంపల్లి, కోఠీ, బేగంబజార్, అంటే అప్పటి హైదరాబాద్ నడిబొడ్డు. 1980లలో ఇక్కడి టోకు పండ్ల వ్యాపారాన్ని గడ్డిఅన్నారం తరలించారు. 2021లో గడ్డిఅన్నారం మార్కెట్‌నూ ఖాళీ చేయించి విజయవాడ దారిలోని బాటసింగారం పంపారు. పక్కనే జాంబాగ్‌లో ఉండే పూల మండీ కూడా గుడిమల్కాపూర్ చేరింది. 2020 ఆగస్టులో మొజంజాహీ పాత కట్టడానికి మరమ్మతులు చేసి, రాయిని శుభ్రం చేసి, దీపాలు పెట్టి మళ్లీ తెరిచారు. పని బాగా చేశారు, అందులో సందేహం లేదు. అయితే నగరం నడిమధ్యకు మళ్లీ జనాన్ని, దుకాణాలను రప్పించాలని ఎవరు మాట్లాడినా ఈ కట్టడాన్నే చూపిస్తారు కాబట్టి ఒక్క మాట అడగాలి. అక్కడ అత్తరు దొరుకుతుంది, ఎండు ఫలాలు దొరుకుతాయి, ఐస్‌క్రీమ్ సరే సరి. ఇంటికి కావలసిన రోజువారీ సరుకుకు మాత్రం ఇది ఇప్పుడు పేరుపడ్డ చోటు కాదు. ఎందుకు కాకుండా పోయింది?

హైదరాబాద్ నాలుగు వందల ఏళ్ల చరిత్ర చెప్పేది ఇది: నిత్యావసరాల కొట్టు పిలిస్తే రాదు, ముస్తాబు చేస్తే నిలవదు. కాలినడక దూరంలో కాపురాలుండాలి, వెనక దగ్గర్లో మండీ ఉండాలి, చిన్న గిరాకీతో కట్టగలిగేంత అద్దె ఉండాలి. ఈ మూడూ ఉన్నచోట ఎంత ఇరుకైనా అది నిలిచింది. ఒకటి పోతే కుంటింది, రెండు పోతే వెళ్లిపోయింది.

1591లో చార్మినార్ కేంద్రంగా ఊరు వేసినప్పుడు నాలుగు రాజవీధుల వెంట పద్నాలుగు వేల దుకాణాలకు, స్నానశాలలకు, బడులకు ఏర్పాటు చేశారని పాత రచనల్లో కనిపిస్తుంది. అంకెలో అతిశయం ఉంటే ఉండనివ్వండి. కోటతో పాటే కొట్టునూ లెక్కలోకి తీసుకుని ఊరు గీశారన్నది ముఖ్యం. మూసీకి ఉత్తరాన బేగంబజార్ పుట్టుక కూడా అలాంటిదే. రెండో నిజాం అయిన నిజాం అలీఖాన్ భార్య హమ్దా బేగం తన జాగాను వర్తకులకు ఇచ్చిందని ఆ పేరు. ఆమె ఇచ్చింది నేల, వ్యాపారం చేసుకోవడానికి అనుమతి. మిగతాది వాళ్లే కట్టుకున్నారు: కింద కొట్టు, వెనక గోదాము, మీద ఇల్లు. గోదాములో బస్తా, గల్లాలో కిలో, రెండూ ఒకే కప్పు కింద ఉండడమే ఆ బజారు కిటుకు. టోకు కొనేవాడు లారీకెత్తించుకుంటాడు, పక్క గల్లీ ఇల్లాలు అదే బస్తాలోంచి పావు కిలో జోకించుకుంటుంది. బండి నిలిపే చోటు లేదని దశాబ్దాలుగా తిట్టుకుంటూనే ఊరు ఊరంతా స్టీలు సామానుకూ ఎండు మిరపకాయలకూ ఇప్పటికీ అక్కడికే పోతుంది.

1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద వేలాది ప్రాణాలు తీసింది. ఆ తర్వాత 1912లో నగర అభివృద్ధికి పెట్టిన సంస్థ, వాడుకలో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు, ఊరిని కొత్తగా దిద్దే పని మీద వేసుకుంది. మురికివాడలు తీసేసింది, రోడ్లు వెడల్పు చేసింది, మార్కెట్లు కట్టింది. చార్మినార్ వైపు పోయే పత్తర్‌గట్టీలో రాతి కమాన్ల వరస దాని పనే. అక్కడ కింద దుకాణాలు, పై అంతస్తు కాపురాలకు. కమాను కింద నడిచేవాడికి నీడ, దుకాణదారుడికి ఎండావానల నుంచి రక్ష. ఇవాళ నగర ప్రణాళికల్లో మిశ్రమ వినియోగం అని గొప్పగా రాసుకునేది అక్కడ రాతిలో కనిపిస్తుంది. మొజంజాహీలో మాత్రం అమ్మకం ఒక్కటే. ఆ కట్టడంలో కాపురానికి చోటు లేదు, మండీయే దాని ప్రాణం. మండీ ఉన్నన్నాళ్లూ ఆ లోటు కనబడలేదు.

పోలికకు మీరాలం మండీ చూడండి. దివాన్ మీర్ ఆలం పేరున్న ఈ కూరగాయల బజారు పాతబస్తీలో ఉంది. చూడ్డానికి పెద్ద అందమేమీ లేదు, గడియార స్తంభం లేదు. కానీ చుట్టూ గల్లీల్లో వేల కుటుంబాలు సంచీ పట్టుకుని నడిచి వచ్చే దూరంలో ఉన్నాయి. అందుకే అది ఇంకా కూరగాయల బజారే. దీనికి పూర్తి ఎదురు కథ ఆబిడ్స్‌ది. ఆరో నిజాం దగ్గర పనిచేసిన అర్మేనియన్ యూదు ఆల్బర్ట్ ఆబిడ్ పెట్టిన దుకాణం నుంచి ఆ ప్రాంతానికి పేరు వచ్చింది. ధనికుల సరుకుతో మొదలైన వీధి అది. ఆ ధనికులు బంజారాహిల్స్ వైపు కాపురాలు మార్చుకునేసరికి ఆబిడ్స్ సోకు తగ్గుతూ వచ్చింది. ఆదివారం దుకాణాలు మూసిన ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాల సంత మాత్రం ఊరు మొత్తానికి ప్రియమైంది. కొనేవాళ్లు ఎక్కడ నిద్రపోతారో కొట్లు అటే జరుగుతాయి.

నడిబొడ్డున లారీలు, కుళ్లిన పండ్ల గుట్టలు ఎలా భరిస్తారు, మండీ కదలక తప్పదు కదా అని అడగవచ్చు. నిజమే. 1966 నాటి వ్యవసాయ మార్కెట్ల చట్టం వచ్చాక టోకు వ్యాపారం యార్డుల్లోకి పోవడం సహజం. రైతుకు తూకం, వేలం, లెక్క ఉండాలంటే విశాలమైన చోటు కావాలి. తప్పు తరలింపులో లేదు. టోకు పోయిన చోట చిల్లరను ఎలా నిలబెట్టాలన్న ఆలోచన చేయకపోవడంలో ఉంది.

అద్దె సంగతి ఇంత తేలిక కాదని మరికొందరంటారు. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం పాత కిరాయిదారులను కాపాడింది గానీ కొత్తవాడికి తలుపు మూసిందని, మడిగె చేతులు మారాలంటే పగిడీ కింద పెద్ద మొత్తం పోయాల్సి వచ్చిందని వారి వాదన. ఇది ఒప్పుకోవాలి. అద్దెను గడ్డకట్టిస్తే దుకాణం ఆస్తిగా మారుతుంది. పూర్తిగా మార్కెట్ ధరకు వదిలేస్తే పప్పు అమ్మేవాడిని నగలూ ఫోన్లూ అమ్మేవాడు గెంటేస్తాడు, ఎందుకంటే కందిపప్పు మీద మిగిలేది కొద్దిగా. ఏ సరుకు అమ్ముతారన్న దాన్ని బట్టి అద్దె కట్టడమే మధ్యేమార్గం. సొంతదారు ఒక్కడే ఉన్న చోట అది కుదురుతుంది.

ఇప్పుడు ఫోన్‌లో అడిగితే కంపెనీలు పది నిమిషాల్లో సరుకులు పంపుతుంటే ఇదంతా ఎవరికి కావాలన్నది మూడో మాట. ఆ కంపెనీలు గోదాములు ఎక్కడ పెడుతున్నాయో చూస్తే జవాబు దొరుకుతుంది. దగ్గరగా ఉండడం ఎంత బలమో వాటికి తెలుసు కాబట్టే కాలనీల మధ్యే పెడుతున్నాయి. 1986లో హైదరాబాద్‌లో మొదలైన త్రినేత్ర కూడా ఇళ్ల మధ్యకు పోయే ఎదిగింది, తర్వాత బిర్లాల చేతిలో ‘మోర్’ అయింది. ఉద్దెర రాసుకునే కిరాణా కొట్టు కూడా అలా దగ్గర్లో ఉండే ఉపయోగపడుతుంది, రోజు కూలీ వచ్చాకే సరుకు కొనే మనిషికి. నడిబొడ్డున ఆ మనిషి అవసరాన్ని ఇవాళ చాలావరకు తోపుడు బళ్లు తీరుస్తున్నాయి. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం వాళ్లకు చోటు చూపమంటోంది. సుందరీకరణ పేరుతో వాళ్లను తొలగించడమంటే రమ్మని పిలుస్తున్న ఆ చిల్లర వ్యాపారాన్నే తరిమేయడం.

మొజంజాహీ మార్కెట్ మడిగెలకు సొంతదారు నగరపాలక సంస్థే. ఖాళీ అయిన మడిగెను ఎక్కువ పాట పాడినవాడికి ఇవ్వకుండా కూరగాయలకు, కిరాణాకు, మందులకు తక్కువ అద్దెకు ఇచ్చే అధికారం ఉన్నది దానికే. ఈసారి ఒక్క మడిగె ఖాళీ అయినా ఆ పని చేసి చూడండి.