ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్

ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్ అనునది చేతుల కదలికలో పరిమితులు గలవారు వీడియో గేములు ఆడుకొనుటకు వీలుగా మైక్రోసాఫ్ట్ సంస్థ రూపొందించిన గేమ్ కంట్రోలరు. దీనిని 2018 మే నెలలో ప్రకటించి, అదే సంవత్సరం సెప్టెంబరు 4న విడుదల చేశారు. విడుదలనాటి ధర 99.99 అమెరికా డాలర్లు. ఇది ఎక్స్‌బాక్స్ వన్ తోను, తరువాత వచ్చిన ఎక్స్‌బాక్స్ సిరీస్ యంత్రాలతోను, విండోస్ కంప్యూటర్లతోను పనిచేస్తుంది. మామూలు కంట్రోలరు వలె ఇది రెండు చేతులతో పట్టుకొనే వస్తువు కాదు. బల్లమీదనో, ఒడిలోనో, చక్రాల కుర్చీకి బిగించిన స్టాండు మీదనో దీనిని ఉంచి, వెనుకనున్న రంధ్రాలకు ఎవరికి అనువైన మీటలను వారు తగిలించుకొంటారు. ఈ రూపానికి చేరేముందు జరిగిన తర్జనభర్జన ఈ పరికరం చరిత్రలో ముఖ్యమైన భాగం.

నేపథ్యము

గేమ్ కంట్రోలరు ఎవరి చేతి కోసం అన్న ప్రశ్న వీడియో గేములంత పాతది. 1962లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో పి.డి.పి-1 కంప్యూటరుపై "స్పేస్‌వార్" ఆట తయారైనపుడు, ఆటగాళ్ళు కంప్యూటరు ముందుభాగంలోని స్విచ్చులనే నొక్కుతూ ఆడేవారు. మోచేతులు నొప్పి పుట్టడంతో అక్కడివారే విడిగా చేతిపెట్టెలు తయారు చేసుకొన్నారు. 1977లో వచ్చిన అటారీ యంత్రపు జాయ్‌స్టిక్కులో కర్రను కుడిచేతితో తిప్పి, బటనును ఎడమ బొటనవేలితో నొక్కేవారు. 1983లో జపానులో నింటెండో విడుదల చేసిన ఫ్యామికామ్ దీనిని తారుమారు చేసినది. దిక్కులు చూపే కూడిక గుర్తు ఆకారపు బటను ఎడమ బొటనవేలి కిందకు, మిగతా బటన్లు కుడి బొటనవేలి కిందకు వచ్చినవి. 1990ల దశకంలో తెలుగునాట టీవీకి తగిలించి ఆడిన చవకరకం వీడియో గేములు చాలావరకు ఈ ఫ్యామికామ్‌కు నకళ్ళు కనుక ఆ అమరిక ఇక్కడివారికీ పరిచితమే.

తరువాతి వివాదాలు ఎక్కువగా పరిమాణం, పట్టు గురించినవి. 2001లో వచ్చిన తొలి ఎక్స్‌బాక్స్ కంట్రోలరు మరీ పెద్దదని విమర్శలు వచ్చినవి. జపాను విపణి కోసం 2002లో చేసిన చిన్న కంట్రోలరే చివరకు ఇతర దేశాలలోనూ దాని స్థానాన్ని ఆక్రమించినది. నింటెండో 64 యంత్రంపై "మారియో పార్టీ" ఆటలో చిన్న కర్రను వేగంగా తిప్పవలసి వచ్చినపుడు పిల్లలు అరచేతిని ఉపయోగించగా బొబ్బలు లేచినవి. న్యూయార్క్ రాష్ట్ర అటార్నీ జనరల్‌తో 2000లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఆ సంస్థ చేతితొడుగులు ఇవ్వడానికి అంగీకరించవలసి వచ్చినది.

ఇన్ని మార్పులు జరిగినా, ఆటగాడికి రెండు చేతులు, చురుకైన బొటనవేళ్ళు ఉంటాయన్న భావన మాత్రం దాదాపుగా చెక్కుచెదరలేదు. 1989లో నింటెండో విడుదల చేసిన "హ్యాండ్స్ ఫ్రీ" కంట్రోలరు ఒక మినహాయింపు. దానిని ఛాతీకి తొడుగుకొని, గడ్డంతో కర్రను కదిలించి, గొట్టంలోకి ఊది లేదా పీల్చి బటన్ల పని జరిపేవారు. మిగిలిన కాలమంతా వికలాంగ ఆటగాళ్ళు ఔత్సాహికుల చేత మామూలు కంట్రోలర్లను విప్పించి, తీగెలు అతికించుకొని ఆడవలసి వచ్చినది. ఇటువంటి అమరికలకు వందలాది డాలర్లు ఖర్చయ్యేది.

రూపకల్పన

గాయపడిన సైనికుల కోసం ఆట పరికరాలు తయారుచేసే వార్‌ఫైటర్ ఎంగేజ్డ్ అనే స్వచ్ఛంద సంస్థ చేసిన ఒక కంట్రోలరును 2014లో ఒక మైక్రోసాఫ్ట్ ఇంజనీరు చూడటంతో ఈ ఆలోచనకు బీజం పడినది. 2015లో సంస్థ ఉద్యోగులకు జరిపిన హ్యాకథాన్‌లో ఒక బృందం, శరీర కదలికలను గుర్తించే కైనెక్ట్ కెమెరాతో ఒక నమూనా తయారు చేసినది. మరుసటి సంవత్సరం ఇంకొక బృందం వేరే దారి పట్టి, మామూలు కంట్రోలరుకు జోడించే పరికరాన్ని చేసినది. బయటి మీటలను దానికి తగిలించవచ్చు. పరికరం విడిగా, సొంతంగా పనిచేయాలన్న నిర్ణయం ఆ తరువాతిది. ఏబుల్‌గేమర్స్, బ్రిటన్‌కు చెందిన స్పెషల్ ఎఫెక్ట్, సెరిబ్రల్ పాల్సీ ఫౌండేషన్, క్రెయిగ్ ఆసుపత్రి మొదలగు సంస్థల సలహాలను, వికలాంగ ఆటగాళ్ళ అనుభవాలను ఈ దశలో స్వీకరించారు.

అన్నిటికంటే పెద్ద ప్రశ్న, చేతులు సరిగా కదలనివారికి సరిపోయే "ఒక" కంట్రోలరు సాధ్యమా అన్నది. ఒకే జబ్బు పేరున్న ఇద్దరి శరీరాలు ఒకేలా ఉండవు. ఒకరికి మోచేయి కదులుతుంది, ఒకరికి పాదం, మరొకరికి తల మాత్రమే. ఒకరికి తేలికగా తగిలితే చాలు నొక్కుకొనే మీట కావాలి. చేయి వణికే మరొకరికి అదే మీట పనికిరాదు, కొంత బలంగా నొక్కితే గాని పలకనిది కావాలి. ఎంత పెద్ద బటన్లు పెట్టినా, ఎటు మార్చినా కొందరు మిగిలిపోతారు. కనుక ఆటగాడికి కావలసిన ఆకారాన్ని సంస్థ నిర్ణయించక, అతడు తెచ్చుకొన్న మీటలన్నిటినీ కలిపే కూడలిగా కంట్రోలరును మార్చారు. మామూలు కంట్రోలరులోని బటన్లను ఒక్కొక్కటిగా విడదీసి బయటకు తెచ్చినట్లు దీనిని ఊహించుకోవచ్చు.

రెండవ ముఖ్య నిర్ణయం 3.5 మిల్లీమీటర్ల రంధ్రము. పాత ఇయర్‌ఫోన్ల పిన్ను పరిమాణం ఇదే. వికలాంగుల సహాయక మీటలు (కాలితో తొక్కేవి, తలతో నొక్కేవి, గొట్టంలో ఊదేవి) ఎన్నో సంవత్సరాలుగా ఈ పిన్నుతోనే వస్తున్నవి. సంస్థ తన సొంత పిన్నును ప్రవేశపెట్టి ఉంటే కొత్త మీటలను అమ్ముకోవచ్చును. కాని ఆటగాళ్ళ ఇళ్ళలో ఉన్నవన్నీ వృథా అయ్యేవి. ఈ పరికరపు విజయంలో సగం ఈ చిన్న రంధ్రానిదే అనవచ్చును.

నిర్మాణము

పరికరం తెల్లని పలక ఆకారంలో, ముందువైపుకు కొద్దిగా వాలుగా ఉంటుంది. పొడవు 29.2 సెం.మీ., వెడల్పు 13 సెం.మీ., బరువు 552 గ్రాములు. పైభాగంలో రెండు పెద్ద గుండ్రని నల్లని బటన్లు, దిక్కుల బటను ఉన్నవి. వెనుక అంచున 3.5 మి.మీ. రంధ్రాలు 19 వరుసగా ఉండి, ఒక్కొక్కటి మామూలు కంట్రోలరులోని ఒక్కొక్క బటనుకు ప్రాతినిధ్యం వహిస్తుంది. ప్రతి రంధ్రానికి పైన చిన్న గాడి ఉంటుంది. వెనుకకు తిప్పి చూడలేనివారు, వేలు పట్టు లేనివారు పిన్నును ఆ గాడి వెంబడి జార్చి రంధ్రంలో పెట్టవచ్చు. ఇరుపక్కల ఒక్కొక్క యు.ఎస్.బి. రంధ్రం జాయ్‌స్టిక్కుల కొరకు ఏర్పాటైనది. అడుగున స్టాండుకు బిగించేందుకు మరలు పట్టే చోట్లు కలవు. ఏ మీట ఏ పని చేయాలో ఆటను బట్టి మార్చుకొని, ఆ అమరికలను భద్రపరచుకోవచ్చు.

అట్టపెట్టె విషయంలో కూడా ఇదే ఆలోచన సాగినది. కత్తెర, గోళ్ళు, పళ్ళు అవసరం లేకుండా, ఉచ్చులవంటి పట్టీలను లాగితే తెరుచుకొనేటట్లు దానిని రూపొందించారు.

2017లో ఎక్స్‌బాక్స్‌లో చేర్చిన "కోపైలట్" సదుపాయం ఈ పరికరానికి తోడుగా ఉపకరిస్తుంది. రెండు కంట్రోలర్లను ఒకటిగా లెక్కించడం ఇందులోని విశేషం. పిల్లవాడు తనకు చేతనైన ఒక్క మీటను నొక్కుతుంటే, తల్లియో అన్నయో మిగతా బటన్లను మరొక కంట్రోలరుతో నడపవచ్చు.

స్పందన, విమర్శలు

టైమ్ పత్రిక 2018 సంవత్సరపు ఉత్తమ ఆవిష్కరణల జాబితాలో దీనిని చేర్చినది. ప్రధాన విమర్శ ఖర్చును గురించినది. కూడలిని 100 డాలర్లకు ఇచ్చినా, దానికి తగిలించవలసిన మీటలు, జాయ్‌స్టిక్కులు, స్టాండు ఆటగాడే కొనుక్కోవాలి. ఒక్కొక్క సహాయక మీట ధర కొన్ని పదుల డాలర్లు ఉండేది. ఎవరికి తగినట్లు వారు కూర్చుకొనే స్వేచ్ఛ ఇచ్చిన రూపకల్పనే, కూర్చుకొనే భారాన్ని కూడా వారిపై మోపినది. 2019 నవంబరులో లాజిటెక్ సంస్థ 12 మీటల సంచయాన్ని 99.99 డాలర్లకు తేవడంతో ఈ భారం కొంత తగ్గినది. ఒక చేతితో నడపగల ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ జాయ్‌స్టిక్కును మైక్రోసాఫ్ట్ 2024లో ప్రకటించి 2025లో విడుదల చేసినది.

2023 నవంబరులో అనుమతి లేని ఇతర సంస్థల ఉపకరణాలను ఎక్స్‌బాక్స్ నిరోధించడం మొదలుపెట్టగా, తమ అమరికలు పనిచేయకుండా పోతాయని వికలాంగ ఆటగాళ్ళు ఆందోళన వ్యక్తం చేశారు. ఆటలో మోసాన్ని అరికట్టడానికి ఉపకరించే నియమం, ఇతరుల అడాప్టర్లపై ఆధారపడినవారికి అడ్డుగోడ కాగలదని ఆ వివాదం తెలియజేసినది.

సోనీ సంస్థ 2023 డిసెంబరు 6న ప్లేస్టేషన్ 5 కొరకు విడుదల చేసిన యాక్సెస్ కంట్రోలరు మరొక సమాధానం. అది గుండ్రని పళ్ళెం వలె ఉంటుంది. పెట్టెతో పాటే మార్చుకొనదగిన రకరకాల బటను మూతలు వస్తాయి. బయటి మీటలకు 3.5 మి.మీ. రంధ్రాలు నాలుగే. పెట్టె తెరవగానే ఆడాలనుకొనేవారికి ఇది సులభం. చేయి అసలే కదలనివారికి మాత్రం మైక్రోసాఫ్ట్ పద్ధతిలోనే వీలు ఎక్కువ.

తెలుగువారికి సంబంధము

ఈ పరికరం వెలువడిన కాలంలో మైక్రోసాఫ్ట్ ముఖ్య కార్యనిర్వహణాధికారి హైదరాబాదులో జన్మించిన సత్య నాదెళ్ల. ఆయన 2014 ఫిబ్రవరి 4న ఆ పదవి చేపట్టాడు. తన మొదటి కుమారుడు సెరిబ్రల్ పాల్సీతో జన్మించడం తన దృక్పథాన్ని ఎలా మార్చినదో ఆయన "హిట్ రిఫ్రెష్" (2017) అనే పుస్తకంలో రాశాడు. అయితే పైన చెప్పినట్లు ఈ పరికరపు ఆలోచన ఉద్యోగుల నుంచి, స్వచ్ఛంద సంస్థల నుంచి వచ్చినది కనుక దీనిని ఆయన ఒక్కరికే ఆపాదించడం సరికాదు.

భారతదేశంలో వికలాంగుల హక్కుల చట్టం, 2016 ప్రకారం గుర్తించిన 21 రకాల వైకల్యాలలో సెరిబ్రల్ పాల్సీ, కండరాల క్షీణత కూడా ఉన్నవి. తెలంగాణలో ప్రత్యేక అవసరాలు గల పిల్లల కొరకు మండలాలలో భవిత కేంద్రాలు ఏర్పాటైనవి. 2016 అక్టోబరు 11న ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా నుంచి విడివడిన వనపర్తి, నాగర్‌కర్నూలు, జోగులాంబ గద్వాల జిల్లాల వంటి చోట్ల, పిల్లవాడికి కంట్రోలరు కొనివ్వడం కంటె మీట తయారుచేసి ఇవ్వడం దగ్గరి దారి. మీటలో దాగిన రహస్యమేమీ లేదు. నొక్కినపుడు రెండు తీగెలు కలవాలి, వదిలినపుడు విడిపోవాలి. 3.5 మి.మీ. మోనో పిన్ను కొనకు ఒక తీగె, మొదలుకు ఒక తీగె అతికి, వాటి రెండవ చివరలను గంట బటను వంటి నొక్కుడు బటనుకు కలిపితే మీట సిద్ధమవుతుంది. సెల్‌ఫోను మరమ్మతులు, రేడియో మరమ్మతులు చేసేవారికి ఇది కొద్ది నిమిషాల పని.

అదే మీటతో బ్యాటరీ బొమ్మను కూడా నడపవచ్చు. రెండు పలుచని రాగి రేకుల మధ్య అట్టముక్కను ఉంచి, దానిని బొమ్మలోని బ్యాటరీకి, అది ఆనే లోహపు రేకుకు మధ్య దూర్చాలి. ఒక్కొక్క రాగి రేకు నుంచి ఒక్కొక్క తీగెను మీట తగిలించే రంధ్రానికి కలపాలి. మీట నొక్కినంతసేపు బొమ్మ ఆడుతుంది, వదిలితే ఆగుతుంది. తాను నొక్కినందువల్లనే బొమ్మ కదిలినదని పిల్లవాడు గ్రహించుట ఇక్కడి మొదటి పాఠము. తెరమీది ఆట దాని తరువాతిది. ఇంటి కరెంటుతో నడిచే వస్తువులకు ఈ పద్ధతిని ఎట్టి పరిస్థితులలోను ఉపయోగించరాదు.