రక్తనాళముల లోపలి పొర

ఇత్తడి పాత్రకు కళాయి ఎందులకో మన ఇండ్లలో ఎరుగనివారు లేరు. పులుసు చిలుమెక్కకుండ పాత్ర లోపల పూసిన పలుచని తగరపు పూత యది. అది వండదు, మరిగింపదు. నడుమ అడ్డముగా నుండును, అంతే. మన రక్తనాళముల లోపలి పొరను గూర్చి వైద్యశాస్త్రజ్ఞులు సుమారు నూరేండ్లు ఇంచుమించు ఇట్లే తలచిరి. ఆ తలంపు ఎట్లు తొలగినదో ఇచ్చట చెప్పబూనితిమి.

రక్తము శరీరమంతట తిరిగివచ్చునని హార్వే 1628లో నిరూపించెను. కాని ధమనులనుండి సిరలలోనికి అది ఏ దారిని పోవునో ఆయన కన్నులకు కానరాలేదు. 1661లో ఇటలీ దేశస్థుడు మాల్పీగీ కప్ప ఊపిరితిత్తిని సూక్ష్మదర్శినిక్రింద నుంచి, వెండ్రుకకంటె సన్నమైన కేశనాళికలను చూచెను. పిదప రెండు శతాబ్దములకు జర్మను పరిశోధకులు నాళపు లోపలి ముఖమునకు వెండి లవణమును పూయగా, పరచిన బండలవలె ఒకదాని ప్రక్క నొకటి అమరిన కణములు నల్లని అంచులతో బయటపడెను. ఆ పొరకు 1865లో బేసెల్ నగరమున విల్‌హెల్మ్ హిస్ ఎండోథీలియం అని పేరిడెను. పేరైతే వచ్చినది గాని గౌరవము రాలేదు.

ఎలక్ట్రాను సూక్ష్మదర్శిని వచ్చిన పిమ్మట, 1964లో వైబెల్, పలాడే అను నిరువురు ఈ కణములలో కడ్డీలవంటి వింత ఆకృతులను గుర్తించిరి. 1973లో న్యూయార్కులో జాఫేయు ఆయన సహచరులును బొడ్డుతాటి సిరనుండి ఈ కణములను తీసి గాజుపాత్రలో పెంచిరి. ప్రసవమైన వెనుక పారవేయు వస్తువు అది! ఎండిన బొడ్డును తాయెత్తులో దాచు మన పెద్దలు ఈ మాట విన్న సంతోషింతురు. అట్లు పెరిగిన కణములు రక్తము గడ్డకట్టుటకు తోడ్పడు ఒక మాంసకృత్తును తామే తయారుచేయుచున్నవని తేలెను. కళాయి ఏ పనియు చేయదు గదా!

అసలు మలుపు బ్రూక్లిన్‌లో వచ్చినది. అచ్చట రాబర్ట్ ఫర్చ్‌గాట్ అను ఔషధశాస్త్రజ్ఞుడు కుందేటి బృహద్ధమనిని పట్టీలుగా కోసి, వానిపై మందులు ఎట్లు పనిచేయునో చూచుచుండెడివాడు. ఎసిటైల్ కోలిన్ అను ద్రవ్యమును బ్రతికియున్న జంతువునకు ఎక్కించిన నాళములు విచ్చుకొని రక్తపుపోటు తగ్గును. ఆయన పట్టీలో మాత్రము కండరము ముడుచుకొనుచుండెను. 1953లో కనబడిన ఈ విరోధము పాతికేండ్లు విడివడని ముడిగానే యుండిపోయినది.

1978 మే నెలలో ఆయన సహాయకుడొకడు ప్రయోగమును చెప్పిన క్రమమున గాక వేరొక క్రమమున జరిపెను. ముడుచుకొనవలసిన పట్టీ సడలినది. పొరపాటని కొట్టివేసిన ఆ ముచ్చట అంతటితో ముగిసియుండును. ఫర్చ్‌గాట్ కారణమును వెదకెను. పట్టీలు కోయునపుడు నాళపు లోపలి ముఖము వ్రేలికి రాచుకొని, కంటికి కానరాని ఆ పొర ఊడిపోవుచుండెను! ఉంగరములవలె మెత్తగా కోసిన ముక్కలలో పొర నిలిచియుండుటచే అవి సడలెను. వానిని లోపల రుద్దగానే మరల సడలుట మానెను. ఇంతటితో తృప్తి నొందక, పొరలేని పట్టీని పొరగల పట్టీకి ముఖాముఖిగా ఆనించి చూచిరి. పొరలేనిది సైతము సడలినది. అనగా పొరనుండి ఏదో ద్రవ్యము వెలువడి ప్రక్క కండరమునకు చేరుచున్నదన్నమాట. పాతికేండ్లు సత్యమును మరుగుపరచినది ఒక వ్రేలి రాపిడి! ఈ విషయము 1980లో నేచర్ పత్రికలో ప్రకటితమైనది.

ఆ ద్రవ్యము కొన్ని సెకనులకే మాయమగును గనుక పట్టుబడుట కష్టమైనది. అది నైట్రిక్ ఆక్సైడ్ కావచ్చునని 1986లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో వేర్వేరుగా సూచించిరి. మరుసటి యేట ఇంగ్లండులో మొంకాడా బృందమును, అమెరికాలో ఇగ్నారో బృందమును దానిని నిరూపించిరి. మోటారుబండి పొగలో నుండు వాయువు మన నాళములలో దూతపని చేయుననిన ఎవరు నమ్ముదురు? కాని నైట్రోగ్లిసరిన్ వంటి మందులు ఈ వాయువును విడుచుటచేతనే నాళములను సడలించునని మురాడ్ 1977లోనే చూపియుండెను. 1879లో మరెల్ అను వైద్యుడు గుండెనొప్పికి ఆ మందు నీయదగునని ప్రకటించినది మొదలు వైద్యులు కారణ మెరుగకయే దానిని వాడుచుండిరి. డైనమైటుతో ధనము గడించిన ఆల్ఫ్రెడ్ నోబెల్‌కును తుదిదినములలో వైద్యులు దానినే వ్రాసియిచ్చిరి. 1998లో ఆయన పేరిటి బహుమతి ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాడ్‌లకు దక్కినది. ముగ్గురికి మించి ఈయరాదను నియమము మాట యెట్లున్నను, మొంకాడా పేరు లేకుండుట మాకు సమంజసముగా తోచదు.

ఇక రోగుల సంగతి. 1986లో బోస్టనులో వైద్యులు గుండె ధమనులలోనికి ఎసిటైల్ కోలిన్‌ను కొద్దికొద్దిగా పంపి చూచిరి. ఆరోగ్యమైన ధమని విచ్చుకొనెను. కొవ్వు పేరుకొని గట్టిపడిన ధమని ముడుచుకొనెను. వ్రేలు తగిలి పొర పాడైన కుందేటి పట్టీ ఏమి చేసినదో, వ్యాధిగ్రస్తమైన మనుష్యుని ధమనియు అదే చేసినది. 1992లో లండనులో మరియొక ఉపాయము కనిపెట్టిరి. చేతికి పట్టీ బిగించి రక్తమును కొన్ని నిమిషము లాపి విడిచినచో, ప్రవాహపు ఒరిపిడికి పొర మేల్కొని ధమనిని వెడల్పు చేయును. ఆ వెడల్పును శబ్దతరంగములతో కొలువవచ్చును. పొగ త్రాగువారిలో అది తక్కువగా కనబడెను. పుట్టుకతోనే రక్తమున కొలెస్టరాలు అధికముగా గల పిల్లలలో సైతము, గుండెనొప్పి యన నేమో ఎరుగని వయస్సుననే, ఆ ధమని విచ్చుకొనుట తగ్గియుండెను.