రెండు రూపాయల వడ్డీ నుంచి ఏపీఆర్ దాకా: అప్పు మాటల వెనక మన చరిత్ర

పోస్టు కొంచెం పొడుగు ఉంటది, ఓపికగా చదవండి. బ్యాంకు ఇంగ్లిషు మాటల గురించి రాస్తున్నాం. గ్రామర్ క్లాసు అనుకోకండి, ఇది మన భూమి చరిత్రే. మన తాతల భూమి చాలాచోట్ల యుద్ధంలో పోలేదు, కాగితం మీద పోయింది. ఆ కాగితం మీద మాట మనది కాదు.

ముందు పాత మాటలు చూద్దాం. బాకీ, వసూలు, కిస్తు, జామీను, జప్తు, రసీదు. ఇవన్నీ ఇప్పుడు తెలుగు మాటల్లాగే వాడుతున్నాం. కానీ ఇవి అరబ్బీ, పారసీ నుంచి వచ్చినవి. నవాబుల కాలంలో కచేరీలతో పాటు ఊళ్లలోకి వచ్చాయి. తర్వాత కంపెనీ వాళ్లు, దొరలు వచ్చారు. డిక్రీ, కోర్టు, స్టాంపు, నోటీసు వచ్చాయి. అంటే అప్పు మన కొండల్లోకి వచ్చిన ప్రతిసారీ కొత్త భాష వెంటబెట్టుకుని వచ్చింది. మనం ఒక భాష నేర్చుకునేలోపు కాగితం ఇంకో భాషలోకి మారిపోయింది.

దీనికి పెద్ద ఉదాహరణ 1879 రంప పితూరీ. తమ్మన్నదొర పేరు మనందరికీ తెలుసు. తాటి, జీలుగు కల్లు మీద వేసిన పన్ను, మునసబుదారు చేసిన వసూళ్లు, పోలీసుల బాధ, ఇవన్నీ ఆ తిరుగుబాటుకు కారణాలని పుస్తకాల్లో చదువుతాం. ఇంకో కారణం కూడా ఉంది, దాని గురించి తక్కువ మాట్లాడుకుంటాం. పల్లం నుంచి వచ్చిన వ్యాపారులు కొండవాళ్లతో అన్యాయమైన ఒప్పందాలు రాయించుకునేవారు. మాట తప్పారని కోర్టులో దావా వేసేవారు. కోర్టు ఎక్కడో కింద ఉంది. మనవాళ్లకు నోటీసు చదవడం రాదు, అంత దూరం పోవడం రాదు. కోర్టు ఒక పక్షం మాటే విని డిక్రీ ఇచ్చేది. దాన్నే ఎక్స్ పార్టీ డిక్రీ అంటారు. ఆ డిక్రీ పట్టుకుని వచ్చి పశువులను తోలుకుపోయేవారు. ఎక్స్ పార్టీ అనే మాటకు అర్థం తెలియని ఇంటి నుంచి ఆవులు పోయాయి. 1907లో హెమింగ్‌వే రాసిన గోదావరి జిల్లా గెజిటీర్‌లో కూడా ఈ సంగతి ఉంది.

ఇక్కడ ఒక వింత. మన వైపు పశువులను సొమ్ములు అంటారు కదా, డబ్బును కూడా సొమ్మే అంటారు. ఇంగ్లిషులో కూడా అంతే. ఫీజు అనే మాట వెనక ఉన్న పాత మాటకు పశువు అనే అర్థం ఉంది. క్యాపిటల్ అనే మాట లాటిన్‌లో తల అనే మాట నుంచి పుట్టింది. శాలరీకి మూలమైన లాటిన్ మాట ఉప్పుకు సంబంధించినది. సంతలో చింతపండు ఇచ్చి ఉప్పు తెచ్చుకున్న మనకు ఇది కొత్త కాదు. ఇంక మార్ట్‌గేజ్ అంటే తాకట్టు. పాత ఫ్రెంచిలో దాని అర్థం చచ్చిన తాకట్టు. మన ఊళ్లలో తాకట్టు పెట్టిన పొలాలు ఎన్ని తిరిగొచ్చాయో పెద్దవాళ్లను అడగండి, ఆ పేరు ఎంత సరైనదో తెలుస్తది. ఈ మాటలు చూసి భయపడాల్సిన పని లేదు. ఇవి కూడా పశువులు, ఉప్పు, భూమి దగ్గర నుంచే పుట్టాయి.

మళ్లీ చరిత్రకు వద్దాం. 1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూ బదిలీ చట్టం తెచ్చింది. 1/70 గురించి అందరం మాట్లాడతాం గానీ దానికి ముత్తాత ఈ చట్టమే. గంజాం, విశాఖ, గోదావరి ఏజెన్సీలకు వర్తించింది. అందులో వడ్డీ గురించి నాలుగు మాటలు ఉన్నాయి. ఒకటి, కొండ జాతివాళ్ల మీద ఏడాదికి నూటికి 24 కంటే ఎక్కువ వడ్డీ చెల్లదు. రెండు, చక్రవడ్డీ చెల్లదు. మూడు, మొత్తం వడ్డీ అసలును దాటకూడదు. నాలుగు, కొలాటరల్ అడ్వాంటేజ్ చెల్లదు. అంటే వడ్డీ కాక పక్కదారిలో ఇంకో లాభం లాగకూడదు.

నూటికి 24 అంటే ఎంత? నెలకు నూటికి రెండు. మన ఊళ్లో చెప్పే రెండు రూపాయల వడ్డీ అదే. ఐదు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 60. ఆ చట్టం ప్రకారం అది ఎప్పుడో చెల్లని వడ్డీ. కానీ చట్టం ఇంగ్లిషులో ఉంది, అప్పు పత్రం షావుకారు పెట్టెలో ఉంది, వేలిముద్ర మాత్రం మనది. అర్థం తెలియనివాడికి చట్టం ఉన్నా లేనట్టే. అందుకే తర్వాత కూడా చట్టాలు తేవాల్సి వచ్చింది. అప్పు కింద మనిషినే పనికి కట్టేసుకునే పద్ధతిని ఏజెన్సీలో రద్దు చేస్తూ 1940లో రెగ్యులేషన్ వచ్చింది. దేశమంతటా వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. మధ్యలో 1956లో జీసీసీ, 1969లో 14 బ్యాంకుల జాతీయం, 1970లో 1/70 వచ్చాయి.

ఇప్పుడు షావుకారు పెట్టె బదులు ఫోన్‌లో యాప్ ఉంది. వేలిముద్ర బదులు ఓటీపీ ఉంది. మాటలు మళ్లీ మారాయి, అందుకే నేర్చుకోవాలి. ప్రిన్సిపల్ అంటే అసలు. ఈఎంఐ అంటే మన పాత కిస్తే. గ్యారంటర్ అంటే జామీనుదారు. ఫ్రెండ్ కోసం ఊరికే సంతకం పెట్టడం కాదు, వాడు కట్టకపోతే మనం కట్టాలి. డిఫాల్ట్ అంటే కిస్తు తప్పడం.

అన్నిటికంటే మోసం చేసే మాట ఫ్లాట్ రేట్. 12,000 అప్పు, ఏడాదికి 12 శాతం ఫ్లాట్ అన్నారనుకోండి. వడ్డీ 1,440, నెలకు 1,120 కట్టాలి. వినడానికి రూపాయి వడ్డీలా ఉంటది. కానీ నెలనెలా అసలు తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొత్తం 12,000 మీదే వేస్తున్నారు. తగ్గే అసలు మీద లెక్క కడితే అది 21 శాతం దాటుతది. దాదాపు రెండు రూపాయల వడ్డీ! ప్రాసెసింగ్ ఫీజు కలిపితే ఇంకా పెరుగుతది. ఈ ఖర్చులన్నీ కలిపి ఏడాదికి నిజంగా ఎంత పడుతుందో చెప్పే అంకె పేరు ఏపీఆర్. అప్పు తీసుకునే ముందు అడగాల్సిన మొదటి మాట అదే.

ఇంకోటి గుర్తుపెట్టుకోండి. రిజర్వు బ్యాంకు 2024లో ఇచ్చిన రూల్ ప్రకారం, ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి వ్యక్తులకు ఇచ్చే కొత్త టర్మ్ లోన్లకు కీ ఫాక్ట్స్ స్టేట్‌మెంట్ అనే కాగితం ఇవ్వాలి. ఏపీఆర్ అందులో రాయాలి. అప్పు తీసుకునేవాళ్లకు అర్థమయ్యే భాషలో రాయాలి. అందులో లేని ఫీజు మనం ఒప్పుకోకుండా వసూలు చేయకూడదు. 1879లో మన తాతలకు దొరకనిది ఇదే, అర్థమయ్యే కాగితం. ఇప్పుడు అడిగే హక్కు ఉంది. కానీ హక్కు ఉందని తెలిసినవాళ్లే అడుగుతారు, 1917 చట్టం నేర్పిన పాఠం అదే కదా.

మన ఇళ్లలో మొదటిసారి కాలేజీకి వచ్చింది మనమే. ఈసారి సెలవులకు ఊరికి పోయినప్పుడు అమ్మ పొదుపు సంఘం పాస్‌బుక్కు, నాన్న లోను కాగితం ఒక్కసారి చేతిలోకి తీసుకుని చదివి వినిపిద్దాం. కాగితం మీద ఉన్నది వాళ్లకు మన భాషలో చెబుదాం. కోయ, గోండి, కువి, సవర, లంబాడీ భాషల్లో అప్పుకు, వడ్డీకి, తాకట్టుకు ఏమంటారో కింద రాయండి. అన్నీ కలిపి ఒక లిస్టు చేసి పెట్టుకుందాం, వచ్చే జూనియర్లకు పనికొస్తది. జోహార్.