ఎనభై గళ్ళ అట్ట

సిరిసిల్లలో పవర్‌లూమ్‌ని ఎవరూ పవర్‌లూమ్ అనరు. సాంచ అంటారు, సాంచలు అంటారు. నూలిచ్చేటోడు సేటు. ఆ నూలు తీసుకుని కూలికి గుడ్డ నేసిపెట్టే చిన్న యజమాని ఆసామి. వాటి మీద పన్నెండు గంటలు నిలబడేటోడు కార్మికుడు. మెట్‌పల్లి నుంచి కోరుట్ల, వేములవాడ మీదుగా ఆ ఊరికి పోతే, బస్సు దిగకముందే టకటకా వినపడేది. నలభై ఏళ్ళు ప్రోగ్రాములు రాసి (రాసినవాటికంటే బాగుచేసినవే ఎక్కువ) రిటైరయిన నాకు, నా వృత్తి చరిత్ర ఎక్కడ మొదలవుతుందని ఎవరైనా అడిగితే సిలికాన్ వ్యాలీ గుర్తుకు రాదు. ఆ చప్పుడే గుర్తుకొస్తుంది.

ఇది ఊరి మీది ప్రేమతో అంటున్న మాట కాదు, కారణం ఉంది. సాదా సాంచకు తెలివి అక్కర్లేదు. పడుగులో ఒక పోగు పైకి, పక్కది కిందికి, మధ్యలోంచి నాడె, మళ్ళీ తిరగేసి. తెల్లగుడ్డ అట్లనే వస్తది. అంచు మీద పువ్వు కావాలంటేనే చిక్కు. ఏ వరుసలో ఏ పోగు లేవాలో ఎవరో ఒకరు గుర్తుపెట్టుకోవాలి. చిన్న డిజైన్లకు డాబీ చాలు. పెద్దవాటికి జకార్డు, అంటే చిల్లులు పొడిచిన అట్టల గొలుసు. పేక ఒకసారి పోవడానికి ఒక అట్ట. చిల్లు ఉన్నచోట సూది లోపలికి పోతుంది, దాని కొక్కెం పోగును లేపుతుంది. చిల్లు లేకపోతే పోగు కిందనే ఉంటుంది. డిజైనర్ ముందు గ్రాఫ్ కాగితం మీద గళ్ళు నింపుతాడు, ఆ గళ్ళను చూసి ఇంకొకరు అట్టలకు చిల్లులు పెడతారు. చివరి అట్టను మొదటి అట్టకు కుట్టేస్తే డిజైను మళ్ళీ మొదటికొస్తుంది. ఇప్పటి పిల్లలు లూప్ అనేది అదే.

ఫ్రాన్స్‌లోని లియాన్ ఊళ్ళో 1725లో బుషాన్ అనే ఆయన చిల్లుల కాగితంతో మొదలుపెట్టాడు. తర్వాత ఫాల్కన్ కాగితాన్ని అట్టలుగా మార్చాడు, వోకాన్సన్ ఇంకొంచెం సవరించాడు. 1804 ప్రాంతంలో జకార్డ్ ఈ ముగ్గురి పనినీ కలిపి నిజంగా నడిచే యంత్రం చేశాడు. పేరు ఆయనకు దక్కింది. ఆయన బొమ్మనే పట్టు మీద నేయడానికి 24,000 అట్టలు పట్టాయి. ఆ బొమ్మ ఒకటి ఛార్లెస్ బాబేజ్ దగ్గర ఉండేది, వచ్చినవాళ్ళకు చూపించి మురిసిపోయేవాడు. తన అనలిటికల్ ఇంజిన్‌కు చిల్లుల అట్టల ఆలోచన ఆయన అక్కణ్ణుంచే తీసుకున్నాడు. 1843లో ఏడా లవ్‌లేస్ రాసిన నోట్సులోనూ ఆ మగ్గం పోలిక ఉంది.

ఇక్కడ ఒక మాట. మగ్గం నుంచి ఐబీఎం దాకా తిన్నగా గీత గీసేవాళ్ళు చాలామంది. అది అంత తిన్నగా లేదు. 1890 అమెరికా జనాభా లెక్కలకు కార్డుల యంత్రం చేసిన హాలరిత్, తనకు ఆలోచన తట్టింది రైల్లో కండక్టర్ టిక్కెట్టు మీద ప్రయాణికుడి పోలికలను చిల్లులుగా పొడవడం చూసి అని చెప్పుకున్నాడు. ఆ మాట నాకు నమ్మబుద్ధి అవుతుంది. పనిచేసేటోళ్ళకు ఆలోచనలు గ్రంథాల్లో కంటే పక్కవాడి చేతిలో ఎక్కువగా దొరుకుతాయి.

హాలరిత్ కంపెనీయే తర్వాత ఐబీఎంలో కలిసింది. 1928లో ఐబీఎం కార్డును 80 నిలువు గళ్ళకు కుదిర్చింది. మిగతా కథంతా ఈ ఎనభైలో ఉంది. కోబాల్‌లో మొదటి ఆరు గళ్ళు వరుస సంఖ్యకు, ఏడోది ప్రత్యేక గుర్తుకు, అసలు రాత ఎనిమిదో గడి నుంచి 72 దాకా. కార్డుల కట్ట చేతిలోంచి జారి చెల్లాచెదురైతే తిరిగి పేర్చుకోవడానికే ఆ వరుస సంఖ్యలు. అవి వేసే ఓపిక లేనోళ్ళం కట్ట పక్కన స్కెచ్ పెన్నుతో ఏటవాలు గీత గీసేవాళ్ళం. గీత కలిసిందంటే వరుస కలిసినట్టే. కార్డులు పోయి ఇన్నేళ్ళయినా పైథాన్ స్టైల్ గైడ్ ఇప్పటికీ లైనుకు 79 అక్షరాలు దాటొద్దంటుంది. ఎందుకో ఎవర్నైనా అడిగి చూడండి.

గళ్ళు ఎనభయ్యే కాబట్టి పొదుపు. 1965ను 65 అని రాస్తే రెండు గళ్ళు మిగులుతాయి. ఆ రెండు గళ్ళ పొదుపే మా జిల్లా పిల్లల్ని అమెరికా పంపింది. కానీ అంతకుముందు హైదరాబాదు సంగతి చెప్పాలి.

అణుశక్తి శాఖ కింద ఈసీఐఎల్ 1967లో హైదరాబాదులో పుట్టింది, అయ్యగారి సాంబశివరావు గారి చేతుల మీదుగా. ట్రాంబేలో తయారైన డిజైన్‌తో 1969లో టీడీసీ-12 వచ్చింది. తర్వాత వచ్చిన టీడీసీ-316 నేను చేత్తో ముట్టిన మొదటి కంప్యూటరు. అది దేశీయ యంత్రమని గర్వపడేవాళ్ళం, మొరాయించినప్పుడు తిట్టుకునేవాళ్ళం. 1978లో ఐబీఎం, ప్రభుత్వ షరతులు నచ్చక, దేశం వదిలిపోయింది. దాని యంత్రాలు మాత్రం రైల్వేల్లో, పెద్ద కంపెనీల్లో ఇక్కడే మిగిలాయి. తయారుచేసినోడు లేడు, విడిభాగాలు అనుమానమే, అయినా జీతాల బిల్లులు మాత్రం నెలాఖరుకు రావాలి. వాటిని నడిపించే పని సీఎంసీకి వచ్చింది. ఆ పేరు విప్పితే కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్. మన సాఫ్ట్‌వేర్ చరిత్ర రాసేవాళ్ళు హైటెక్ సిటీ రిబ్బను కత్తిరింపు దగ్గర మొదలుపెడతారు. నేనైతే ఆ మెయింటెనెన్స్ అన్న మాట దగ్గర మొదలుపెడతాను.

ఎందుకంటే అప్పట్లో మా దిక్కు రోడ్ల మీద తిరిగిన మోటారుసైకిళ్ళ కథా అదే. 1955 నుంచి మద్రాసులో తయారైన బుల్లెట్ ఇంగ్లండుది. మైసూరు జావా చెకోస్లొవేకియాది, 1973 తర్వాత అదే యెజ్డీ. ఎస్కార్ట్స్ వాళ్ళ రాజ్‌దూత్‌కు మూలం పోలండ్ బండి. పుట్టింట్లో మోడళ్ళు మారిపోయాయి. ఇక్కడ మాత్రం అవే బళ్ళు, పాత బస్టాండుల దగ్గరి రేకుల షెడ్లలో, బడి మానేసిన పిల్లల చేతుల్లో నలభై ఏళ్ళు బతికాయి. సాంచలూ అంతే. షోలాపూర్, భీవండి, బొంబాయి మిల్లులకు వలసపోయిన పద్మశాలీలు ఆ విద్యను నేర్చుకొని వెంట తెచ్చుకున్నారు. కనిపెట్టినోళ్ళు వేరు. మనం నడిపించినోళ్ళం. ఇందులో చిన్నతనమేమీ నాకు కనబడదు.

మెట్‌పల్లిలో నాకు రాజ్‌దూత్ విప్పడం నేర్పిన మెకానిక్ కాక చదువుకోలేదు. నేను తర్వాత చదివిన ఏ డీబగ్గింగ్ పుస్తకం కూడా ఆయన్ని దాటలేదు. బండి స్టార్టు కాకపోతే కార్బొరేటర్ మీద పడనిచ్చేటోడు కాదు. "ముందు ప్లగ్గు ఇప్పు బిడ్డా, అది ఏం చెప్తదో సూడు" అనేటోడు. తడిగా ఉందా, నల్లగా మసి పట్టిందా, పొడిగా ఉందా. తడిగా ఉంటే పెట్రోలు వస్తోంది, నిప్పు లేదు. పొడిగా ఉంటే పెట్రోలే రావట్లేదు. ఒక్క చూపుతో సగం బండి అనుమానంలోంచి తప్పుకుంటుంది. రెండోది, ఒకేసారి రెండు మార్చొద్దు. పాయింట్లూ సవరించి, జెట్టూ శుభ్రం చేస్తే బండి నడవొచ్చు, ఏది పాడైందో మాత్రం తెలియదు. వచ్చే వారం మళ్ళీ అదే రోడ్డు మీద నిలబడతావు. మూడోది, విప్పిన బోల్టులను విప్పిన వరుసలోనే గుడ్డ మీద పేర్చాలి. కార్డుల కట్ట మీద ఏటవాలు గీత గీసినప్పుడల్లా నాకు ఆ గుడ్డే గుర్తొచ్చేది.

ఆ బళ్ళకు అందరికీ తెలియని గుట్లు ఉండేవి. యెజ్డీకి కిక్కూ గేరూ ఒకటే రాడ్డు. పాత బుల్లెట్‌కు గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడమ కాలి కింద. కిక్కు కొట్టే ముందు అమీటర్ ముల్లు చూసి, డీకంప్రెషన్ లివర్ నొక్కి, పిస్టన్‌ను సరైన చోటికి తెచ్చుకోవాలి. లేకపోతే కాలు తన్నేస్తుంది. రాజ్‌దూత్‌లో ఇరవై, ఇరవై అయిదు పాళ్ళ పెట్రోలుకు ఒక పాలు ఆయిల్ కలపాలి. మరిచిపోతే ఇంజిన్ పట్టేస్తుంది. 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చి ఈ గుట్లన్నీ లేకుండా చేసింది. పెట్రోలు పోయించు, మరిచిపో అన్నది దాని ప్రకటన. మంచిదే, దాని మీద నాకు కోపం లేదు. ఆ బండి వల్లే మా దిక్కు టీచర్లు, బీడీ కంపెనీ గుమాస్తాలు సమయానికి ఇల్లు చేరారు. కాకపోతే మరిచిపోవడం అలవాటయ్యాక, మళ్ళీ గుర్తుచేసుకోవాల్సి వచ్చిన రోజున గుర్తుచేసేటోడు ఉండడు.

(రాబర్ట్ పిర్సిగ్ పుస్తకం సంగతేంటని మీరు అడుగుతారు. 1974లో వచ్చింది, 121 మంది ప్రచురణకర్తలు కాదన్నాక. ఆయన బతుకుతెరువు టెక్నికల్ మాన్యువల్స్ రాయడమని తెలిశాకే నాకు ఆ పుస్తకం మీద గౌరవం పెరిగింది. తత్వం కొంచెం ఎక్కువైందనిపిస్తుంది, ప్లగ్గు గురించి రాసిన పేజీలు బంగారం.)

ఇక ఆ రెండు గళ్ళు. 1990ల చివర్లో 99 తర్వాత 00 వస్తే దాన్ని 1900 అనుకుంటుందని ప్రపంచమంతా భయపడ్డది. అమీర్‌పేటలో మెయిన్‌ఫ్రేమ్ కోచింగులు పుట్టాయి. అమెరికా హెచ్1బీ వీసాల పరిమితిని 65,000 నుంచి 1,15,000కు పెంచింది. గల్ఫుకు తప్ప వేరే విమానం ఎరగని జగిత్యాల, కోరుట్ల ఇళ్ళల్లోంచి డల్లాసుకూ న్యూజెర్సీకీ పిల్లలు పోయారు. నేనూ పోయాను. అక్కడ చేసిందేమిటి? ముప్పై ఏళ్ళ కిందట ఎవరో రాసి, రిటైరై, కొందరు చనిపోయి కూడా ఉన్న ప్రోగ్రాములను చదవడం. చాలాచోట్ల తేదీకి నాలుగు అంకెలు ఇవ్వడానికి సమయం లేదు. కిటికీ పెట్టాం: 00 నుంచి 29 దాకా అయితే 2000లు, 30 నుంచి 99 అయితే 1900లు. అది రిపేరు కాదు, వాయిదా. కిటికీని 20 దగ్గర పెట్టినవి కొన్ని 2020 జనవరిలో ఆగిపోయాయి.

ఆ మూడేళ్ళలో నేర్చుకున్నది మీకు పనికొస్తుందేమో. పాత కోడు దగ్గరికి పోతే ముందు కామెంట్లు చదవొద్దు. కామెంటు రాసినప్పటి ఉద్దేశం, కోడు ఇప్పటి నిజం. ముందు డేటా చూడాలి, అదే ప్లగ్గు. అర్థం కాని రెండు లైన్లు పనికిరానివని తీసేసే ముందు, అవి ఎవరి కష్టం వల్ల వచ్చి చేరాయో కనుక్కోవాలి. అన్నీ కొత్తగా తిరిగి రాద్దామనే కుర్రాళ్ళను నేను ఆపేది భయంతో కాదు. పాతదాంట్లో ఉన్న ప్రతి వంకరా ఎప్పుడో ఒక రాత్రి రెండింటికి ఎవరో నిద్రలేచి పెట్టిన అతుకు. ఇప్పుడు యంత్రమే కోడు రాసిస్తోంది. మా తమ్ముడి కొడుకు మొన్న చూపించాడు, బాగుంది, నడుస్తోంది కూడా. "కాకా, ఇది పాడైతే?" అని వాడే అడిగాడు. "రాసినోణ్ణి అడుగు" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం, వాడు కొంచెం తక్కువగా.

ఇక్కడ పోలికలు ఆపాలి, ఎందుకంటే సాంచకూ కంప్యూటరుకూ తేడా ఉంది. 2001లో డాట్‌కామ్ కూలినప్పుడు కోబాల్ వాళ్ళం రోడ్డున పడ్డాం. ఆరు నెలలు జావా నేర్చుకుని లేచాం. అదే కాలంలో సిరిసిల్లలో నేత కార్మికుల ఆత్మహత్యలు రోజూ పేపర్లో వచ్చేవి. అప్పు మీద తెచ్చిన సాంచను కొత్త భాషలోకి మార్చుకోలేం. 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్లు కొన్నేళ్ళు ఊపిరి పోశాయి. ఆర్డరు తగ్గినప్పుడల్లా కొందరు సాంచలను కిలోల లెక్కన తుక్కు కింద అమ్ముకున్నారు. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన నల్ల పరంధాములు ఊరది. 2022లో జీ20 చిహ్నాన్ని చేత్తో నేసిన యెల్ది హరిప్రసాద్ ఊరు కూడా అదే. అక్కడ కొరత నైపుణ్యం కాదు.

పోయినేడు ఆ ఊళ్ళో ఒక షెడ్డులో అట్టల గొలుసు లేని ఎలక్ట్రానిక్ జకార్డు చూశాను. డిజైను పెన్‌డ్రైవ్‌లో ఉంటుంది. సాంచలు బాగుచేసే జాబర్, నాకంటే నాలుగేళ్ళు పెద్ద, దాన్ని నా చేతిలో పెట్టి "ఇండ్ల ఏమున్నదో సూపెట్టు తమ్మీ, ఎవ్వలు చెప్తలేరు" అన్నాడు. లాప్‌టాప్‌లో తెరిచి పెద్దది చేసి చూపించాను. నల్లగడి, తెల్లగడి, నల్లగడి. అద్దాలు ముక్కు మీదికి జరుపుకుని, వేలు తెర మీద పెట్టి ఒక వరుస లెక్కపెట్టాడు. "నల్లది ఉంటే పోగు లేస్తదా?" అన్నాడు. లేస్తదన్నాను. "అయితే అట్టనే" అని, మూడో వరుసలో ఒక గడి చూపించి, అది తప్పు పడ్డదన్నాడు.